కామెర్ల పథ్యం

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవరాలు నా చేతిలో ఒక నవల పెట్టి, దానిమీద ఒక టిష్యూల డబ్బా కూడా పెట్టింది. "అమ్మమ్మా, డబ్బా పక్కకు పెట్టుకొని చదువు. నేనైతే రెండు రోజులు ఏడ్చిన. హాస్టల్‌ల మా రూమ్ మొత్తం ఏడ్చింది" అన్నది. ఆ పిల్ల నేను చదివిన యూనివర్సిటీలోనే చదువుతోంది, నేనున్న హాస్టల్‌కు రెండు భవనాల అవతల ఉంటోంది, ఆదివారం వచ్చిందంటే తార్నాకలో ఉన్న నా ఫ్లాటుకు వచ్చి రెండు పూటలా కడుపునిండా తిని, వారం రోజుల బట్టలు మిషన్‌లో వేసుకుని, ఆ బట్టలు ఆరేలోపల నాకు లోకజ్ఞానం బోధించి పోతుంది. ఈసారి బోధన ప్రేమ గురించి. ఆ నవలలో ఇద్దరూ ఎంత హానెస్ట్‌గా ఉంటారో చూడమనీ, మీ కాలంలో ఇట్లాంటివి ఉండేవి కావు గదా అనీ అన్నది. ఉండేవి కావు తల్లీ అని నేనూ ఒప్పుకున్నాను.

నవల మూడు రోజుల్లో అయిపోయింది. ఇరవై రెండేళ్ళ అబ్బాయి, అదే వయసు అమ్మాయి. అబ్బాయికి నయం కాని జబ్బు. ఆ సంగతి అతను రెండో అధ్యాయంలోనే, వాన పడుతున్న బస్టాపులో నిలబడి, నవ్వుతూ ఆమెకు చెప్పేస్తాడు. ఆమె కూడా కాసేపే ఏడ్చి తట్టుకుంటుంది. అక్కడి నుంచి ఒకరికొకరు ఏదీ దాచుకోకుండా ఊళ్ళు తిరుగుతారు, సముద్రం చూస్తారు, వేడివేడి పదార్థాలు ఎన్నెన్నో తింటారు. ఆఖరికి ఒక తెల్లవారుజామున అతను ఆమె ఒడిలో తల పెట్టుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి, తల వెంట్రుక కూడా చెదరకుండా పోతాడు. నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. ఎంత కోపం వచ్చిందంటే ఆఖరి పేజీలు వంటింట్లో నిలబడి చదివాను, పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

ఆ రాసిన మనిషి ఎవరో గాని, కామెర్లు ముదిరిన మనిషి పక్కన ఒక్క పూట కూచుని ఉండరు. ఉంటే దురద గురించి రాసేవారు. ఒళ్ళంతా దురద పుట్టి, గోళ్ళతో గీరుకుని గీరుకుని, దుప్పటి మీద రక్తం చారలు పడతాయని రాసేవారు. జబ్బు చేసినవాళ్ళు నవలల్లో లాగా రోజురోజుకూ మంచివాళ్ళు కారనీ, విసుక్కుంటారనీ, గ్లాసు విసిరికొడతారనీ, ఆ గదిలోకి అడుగుపెట్టే ముందు మనం గుమ్మం బయట నిలబడి ఒకసారి గట్టిగా గాలి పీల్చుకుంటామనీ రాసేవారు. నేను పీల్చుకునేదాన్ని. ప్రేమించిన మనిషి గది ముందే పీల్చుకునేదాన్ని. ఈ వయసులో అబద్ధం ఎందుకు, ఆడవలసినవన్నీ అప్పుడే ఆడేశాను.

అతనూ నేనూ ఎం.ఏ. చరిత్రలో ఒకే క్లాసు. అతనిది పాలమూరు వైపు ఒక పల్లె. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి కూలికి పోతూ ఇద్దరు పిల్లలను పెంచింది. కొడుకు చదువుకోవాలని పదేళ్ళ వయసులోనే మిషనువాళ్ళ బోర్డింగులో చేర్పించింది. అప్పటి నుంచి అతనిది హాస్టళ్ళ బతుకే. మా క్లాసులో పాత శాసనాలను చూడగానే చదవగలిగినవాడు అతనొక్కడే. నేనేమో వరంగల్ వైపు ఒక మోస్తరు రైతు కుటుంబం పిల్లను, నోట్సు బాగా రాసుకునేదాన్ని, అర్థం చేసుకునేది తక్కువ. నా నోట్సు అతనూ, అతని అర్థం నేనూ అరువు తెచ్చుకుంటూ దగ్గరయ్యాము. సాయంత్రం లైబ్రరీ నుంచి బయలుదేరి తార్నాక చౌరస్తా దాకా నడిచి, అక్కడొక బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని, మళ్ళీ విడివిడిగా వెనక్కి నడిచేవాళ్ళం. కలిసి పోయి విడిగా రావడం ఎందుకో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. అతని కులమూ మతమూ వేరు, నావి వేరు, మా ఊరివాళ్ళు ఒకరిద్దరు వారాసిగూడలో ఉండేవాళ్ళు, ఎవరి కంట పడినా మా నాన్న మరుసటి బస్సులో దిగేవాడు. బజ్జీలంటే గుర్తొచ్చింది, అతనికి తిండి యావ ఎక్కువ. పదేళ్ళ వయసు నుంచి హాస్టళ్ళలో నీళ్ళ పప్పు తిన్నవాడు కదా. ఎక్కడ ఏం తిన్నా ఆఖరికి వాళ్ళమ్మ నూరే చింతకాయ తొక్కు దగ్గరికి వచ్చి ఆగేవాడు. పచ్చి చింతకాయ, పచ్చి మిరపకాయ రోట్లో వేసి ఆమె తొక్కుతుంటే ఆ వాసనకు వాడకట్టు మొత్తం తలుపులు తీసేవారట. ఇది నాకు కనీసం ముప్పైసార్లు చెప్పి ఉంటాడు.

ఫైనలియర్ చలికాలంలో అతని కళ్ళు పచ్చబడ్డాయి. హాస్టల్ పిల్లలకు కామెర్లు రావడం కొత్తేమీ కాదు, ఏటా పదిమందికి వచ్చేవి, ఆ నీళ్ళు అట్లాంటివి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందట, ఎర్రగీతలు పడవు, మా పరీక్ష పేపర్లు కూడా నువ్వే దిద్దు అని క్లాసంతా ఏడిపించాము. నేను కూడా ఏడిపించాను. నెల గడిచినా పచ్చదనం తగ్గలేదు, మనిషి మాత్రం సగమయ్యాడు. వాళ్ళక్కది లాలాపేట్‌లో కాపురం, బావకు రైల్వేలో పని, రెండు గదుల ఇల్లు. ఆమె వచ్చి తమ్ముణ్ణి హాస్టల్ ఖాళీ చేయించి తనింటికి తీసుకుపోయింది. పెద్ద దవాఖానలో పరీక్షలు చేయించింది. అవి కామెర్లు కావు, కామెర్లు పైకి కనబడేవి మాత్రమే, లోపల కాలేయమంతా కేన్సర్ పాకింది, మూడు నాలుగు నెలలు గడిస్తే గొప్ప అని డాక్టరు చెప్పాడు. చెప్పింది అక్కకు. అతను అప్పుడు బయట బల్ల మీద కూచుని ఉన్నాడట.

ఆ రోజుల్లో అంతే. మీకు గుర్తుండాలి. కేన్సర్ అనే మాటను ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు, 'అదే' అనేవారు, కళ్ళతో అనేవారు. ఇంట్లోవాళ్ళకు తెలిసేది, ఇరుగుపొరుగుకు తెలిసేది, పాలు పోసేవాడికి కూడా తెలిసేది, తెలియనిది మంచం మీదున్న మనిషికే. అట్లా దాచిపెట్టడాన్ని ప్రేమ అనుకునేవాళ్ళం. వాళ్ళక్క నన్ను తార్నాక బస్టాపులో పట్టుకుని, అంతా చెప్పి, నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "చెల్లె, వాని ముంగట నోరు జారకు. తెలిసిందంటె భయానికే రేపో మాపో పోతడు. మా అమ్మకు గూడ చెప్త లేను. చెప్తె ఏడ్సుకుంట వస్తది, ఆమె ముఖం జూసి వానికి తెలిసిపోతది" అన్నది. మా ఇద్దరి సంగతి ఆమెకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. నన్ను చెల్లె అని పిలవడం అదే మొదటిసారి. ఆ పిలుపుకే సగం కరిగిపోయి సరేనన్నాను.

అందుకని జబ్బు పేరు మార్చలేదు. కామెర్లు అని మొదలైంది, కామెర్లు అనే ఉంచాము. కామెర్లంటే మన ఇళ్ళల్లో ఏమిటో మీకు తెలుసు. పసరు పోయించాలి, పథ్యం పెట్టాలి. నూనె లేదు, పసుపు లేదు, పప్పు లేదు, కారం లేదు, పులుపు అసలే లేదు. చప్పిడి మజ్జిగ అన్నం, గ్లూకోజు నీళ్ళు. పథ్యం పెట్టకపోతే అతనికి అనుమానం వస్తుంది గనుక, కామెర్లు అని చెప్పిన పాపానికి పథ్యం మొదలుపెట్టాము. చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోక వారాసిగూడలో పసరు పోసే ముసలమ్మ దగ్గరికి కూడా తీసుకుపొమ్మన్నారు. తీసుకుపోయాము. ఆమె అతని కళ్ళు విప్పి చూసింది, పొట్ట మీద చెయ్యి వేసి చూసింది, నేల ఉసిరి పసరు మజ్జిగలో కలిపి తాగించి, అతన్ని బయట కూచోమని అక్కనూ నన్నూ లోపలికి పిలిచింది. "ఈ పిలగానికి నా మందు పని జెయ్యదు బిడ్డా. పత్యం గిత్యం ఏమొద్దు. ఏదడిగితె అది పెట్టుండ్రి. కాదనకుండ్రి" అన్నది. చదువు లేని ఆ ముసలమ్మ నలభై అయిదేళ్ళ కిందట ఒక్క నిమిషంలో చెప్పిన మాట అది. బయటికి వచ్చాక అతను ఆమె ఏమన్నదని అడిగాడు. అక్క నా వైపు చూసింది. పథ్యం ఇంకా గట్టిగా చెయ్యమన్నదని చెప్పాము.

ఆ తర్వాత రోజూ సాయంత్రం హాస్టల్ నుంచి తార్నాకకు, అక్కడి నుంచి లాలాపేట్‌కు నడిచిపోయి, అతని చేత చప్పిడి అన్నం తినిపించడం నా పని అయింది. అక్క పెడితే విసిరికొట్టేవాడు, నేను పెడితే నాలుగు ముద్దలన్నా తినేవాడు. నాకు జైలరమ్మ అని పేరు పెట్టాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు. నెల తిరిగేసరికి ఆ మాటలో నవ్వు పోయింది. ఒకనాడు వీధిలో ఎవరింట్లోనో చేపల పులుసు పోపు వాసన వస్తే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, నేను కిటికీ మూసేశాను. ఒకనాడు పక్కింటి పిల్లల చేత చాటుగా బజ్జీ తెప్పించుకుని దిండు కింద పెట్టుకుంటే వెతికి తీసి పారేశాను. అతనికి కావలసినవన్నీ అతని నోటి ముందు నుంచి లాక్కున్నాను, అదంతా బతికించడానికన్నట్టు లాక్కున్నాను, వాటితో అతనికి ఏమీ కాదని తెలిసి మరీ లాక్కున్నాను. ఒక అబద్ధాన్ని కాపాడడానికి వంద అబద్ధాలంటారు గాని, మా విషయంలో వంద అన్నం ముద్దలు.

కొన్ని సాయంత్రాలు నాకు పోబుద్ధి అయ్యేది కాదని కూడా చెప్పాలి. రికార్డు రాయాలనీ, తలనొప్పి అనీ, హాస్టల్ వార్డెన్ పంపలేదనీ సాకులు వెతుక్కునేదాన్ని. మంచం మీద పచ్చగా పడి ఉండి, గీరుకుంటూ, నన్ను చూడగానే ఎందుకొచ్చినవన్నట్టు ముఖం తిప్పుకునే మనిషికీ, శాసనం రాయి మీద వేలు పెట్టి గడగడ చదివిన మనిషికీ పోలిక లేకుండా పోయింది. ప్రేమ తగ్గిందా అంటే ఏం చెప్పను, అలసిపోయాను. ఇరవై రెండేళ్ళకు అలసిపోయాను. నవలలో ఆ పిల్ల ఒక్కసారి కూడా అలసిపోలేదు.

పరీక్షలకు నెలరోజులు ఉందనగా ఒక ఆదివారం పొద్దున అక్కా బావా చర్చికి పోయారు, నేను అతని దగ్గర కూచున్నాను. ఆ రోజు దురద కొంచెం తగ్గి నెమ్మదిగా ఉన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని, చాలా మామూలుగా, రేపు క్లాసుందా అని అడిగినట్టే అడిగాడు. "నిన్ను ఒకటడుగుత. అక్క అబద్ధమాడుతది, నువ్వాడవు. ఇది కామెర్లేనా? కామెర్లే అయితె పండుకునైనా చదివి పరీక్షలు రాస్త. కాకుంటె చెప్పు, ఊరికి పోత. పదేండ్లప్పుడు అమ్మ బోర్డింగుల ఏసింది. అప్పటి సంది వరుసగ ఒక్క నెల అమ్మ కాడ ఉన్నది లేదు. ఉన్నన్ని దినాలు ఆమె కాడ ఉంట" అన్నాడు.

కాచిగూడలో రైలెక్కితే కొన్ని గంటల్లో వాళ్ళ ఊరు. అంత దగ్గర. నేను అతని కళ్ళలోకి చూస్తూనే, "కామెర్లే. నువ్వు పత్యం సక్కగ చెయ్యకనే ఇట్ల లేటయితున్నది" అన్నాను. అబద్ధం చెప్పడమే కాదు, తప్పు కూడా అతని మీదికే నెట్టాను. అతను సరే, పుస్తకాలు తెచ్చియ్యి అన్నాడు. వాళ్ళక్కకు మాట ఇచ్చాను గనుక అట్లా చెప్పానని నలభై ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కారణం కాదు. అతను ఊరికి పోతే నేను చూడలేను. ఆ పల్లెలో, ఆ వాడలో, ఆ ఇంటికి నేను ఏ పేరు చెప్పుకుని పోగలను? లాలాపేట్‌లో అయితే క్లాసుమేటును. నోట్సు ఇవ్వడానికి వచ్చినదాన్ని. అలసిపోయానని ఇందాక చెప్పానే, ఆ అలసటతోనే, అయినా అతను నాకు కావాలి. వాళ్ళమ్మకు దక్కవలసిన రోజులను నా దగ్గర పెట్టుకున్నాను.

సరిగ్గా వారానికి, ఊరి నుంచి కాచిగూడకు పని మీద వచ్చిన ఎవరో ఒక జాడీ తెచ్చి అక్కకు ఇచ్చి పోయారు. ఆ ఏడు కొత్త చింతకాయ తొక్కు. కామెర్లు తగ్గినంకనే తినుమను, పులుపు పడదు, అని తల్లి కబురు కూడా పంపింది. పాపం ఆమెకు కొడుకు కామెర్లతో మంచాన పడ్డాడనే తెలుసు, తగ్గుతున్నది రావద్దని కూతురు కబురు పెడుతుంటే తను ఆగిపోయింది గాని, తొక్కు పంపకుండా మనసు ఆగలేదు. గుడ్డ విప్పగానే గదంతా ఆ వాసన. అతను ఎన్నో రోజుల తర్వాత తనంతట తాను లేచి కూచున్నాడు. ఎక్కువొద్దు, వేలితో ఇంత నాకుతా అని చిన్నపిల్లాడిలా వేలు చూపించాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూ చెంచా కోసం వంటింట్లోకి పోయింది. ఆ క్షణంలో ఆమె ఇచ్చేసేదే, నేను అడ్డుపడ్డాను. మీ అమ్మ కూడా తగ్గినంకనే తినమన్నది గదా, తగ్గాక మొత్తం నీకే అని, ఇక్కడుంటే దొంగతనంగా తింటావని, జాడీకి మళ్ళీ గుడ్డ కట్టి నా సంచిలో పెట్టుకుని హాస్టల్‌కు తెచ్చేశాను. నాకు ఆ రోజు చాలా గట్టిగా వ్యవహరించినట్టు, బాధ్యత నెరవేర్చినట్టు అనిపించింది.

హాస్టల్‌లో నా మంచం కింద ఆ జాడీ అయిదు రోజులు ఉంది. ఆరోనాడు మెస్‌లో పప్పు మరీ నీళ్ళుగా ఉందని, గదిలో ఉండే అమ్మాయి వాసన పట్టి జాడీ తీసింది. ఒక చెంచా నాకూ వేసింది. వద్దన్నాను. మళ్ళీ, అతనికి ఎట్లాగూ పనికిరాదు కదా అని మనసులో ఒక మాట వచ్చింది, ఆ మాట వచ్చినందుకు భయపడ్డాను, భయపడుతూనే తిన్నాను. ఎంత బాగుందో చెప్పలేను. ముప్పైసార్లు ఊరికే చెప్పలేదు అతను. పది రోజుల్లో పక్క గదులవాళ్ళు కూడా కలిసి జాడీ ఖాళీ చేశాము. నేను కడిగి ఎండబెట్టాను.

పరీక్షలు వచ్చాయి. బావ సైకిల్ వెనక కూచోబెట్టుకుని తెస్తే రెండు పేపర్లు రాశాడు. మూడో పేపరు నాడు హాల్లోనే పడిపోయాడు. అటు నుంచి అటే దవాఖానలో చేర్చారు, పది రోజులున్నాడు. నవలలో ఒడి ఉంది, సూర్యోదయం ఉంది. ఇక్కడ మిట్టమధ్యాహ్నం, వార్డులో గోడ పక్క మంచం, అక్క మందుల చీటీ పట్టుకుని కిందికి పోయి వరసలో నిలబడిన ఇరవై నిమిషాల్లో, పక్కన ఒక్కరు కూడా లేకుండా పోయాడు. నేను ఆ టైములో ఆఖరి పేపరు రాస్తున్నాను. అతను రాసిన ఆ రెండు పేపర్లలోనూ పాసయ్యాడు, ఫలితాలు వచ్చాక బోర్డు మీద చూశాను. నాకంటే ఎక్కువ మార్కులు.

సీరియస్ అని టెలిగ్రాం ఇస్తే, మరునాడు పొద్దున రైలుకు తల్లి కాచిగూడలో దిగింది. కొడుకును చూడబోతున్నాననుకుంటూ దిగింది. లాలాపేట్ ఇంటి ముందు షామియానా చూశాక తెలిసింది. నేను మిగతా క్లాసుమేట్లతో పాటు గోడ వారగా నిలబడ్డాను. అంతవరకూ ఆమెను చూడలేదు. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. చాలాసేపు ఏడ్చి ఏడ్చి, గొంతు పోయాక, ఈ పిల్లే రోజూ వచ్చి తినిపించేదని కూతురు చెప్తే నన్ను దగ్గరికి పిలిచింది. నా రెండు చేతులూ పట్టుకుని, "బిడ్డా, నా కొడుక్కు నువ్వే బువ్వ తినిపిస్తుంటివంట. నేనంపిన తొక్కు తిన్నడా?" అని అడిగింది.

ఆమెకు ఒక్క మంచి మాటన్నా మిగలాలనుకున్నాను, అంతకు మించి నాకు ఇంకే ఆలోచనా రాలేదు. "తిన్నడమ్మా. మస్తు ఇష్టంగ తిన్నడు. జాడీ మొత్తం ఖాళీ చేసిండు" అన్నాను.

ఆమె నా చేతులు వదిలేసింది. వదిలేసి, ఆ పెద్ద చేతులతో తన నెత్తి బాదుకుంది. "అయ్యో కొడుకా! కామెర్లకు పులుపు విషమని ఎరుకుండి గూడ పంపితి. తగ్గినంక తింటడులే అని పంపితి. నా చేతులార నేనే సంపుకుంటి కొడుకా!" అని నేల మీద పడిపోయింది.

అప్పుడు నేను చెప్పవలసిన మాటలు చాలా చిన్నవి. తినలేదమ్మా, ఒక్క వేలెడు కూడా తినలేదు. అది కామెర్లు కాదు. తొక్కు నేను తీసుకుపోయాను, నేనూ నా స్నేహితురాళ్ళూ తిన్నాము. అతను నీ దగ్గరికి వస్తానంటే నేనే ఆపాను. నోరు తెరిచాను. అక్క నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, ఇంతమందిలో వద్దనే అర్థం. నాకు ఆ సైగ చాలు. కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ గోడ వారకు పోయి నిలబడ్డాను. సాయంత్రం సమాధుల తోటలో అందరూ పిడికెడు మట్టి వేస్తే నేనూ వేశాను.

ఆ తర్వాత నాకు జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, నా భర్త మంచివాడు, ఆయనకు ఈ కథలో కొంత చెప్పాను, తొక్కు సంగతి తప్ప. ఏడెనిమిదేళ్ళకు ఒకరోజు తార్నాక బస్టాపులోనే వాళ్ళక్క కనబడింది. అక్కడే నిలబడి, బస్సులు పోతూ ఉంటే, చెప్పింది. "అమ్మ ఇంక తొక్కు నూరుత లేదు చెల్లె. ఇంట్ల పులుపు సుతం పెట్టనియ్యది. నేను నిజమంత చెప్పిన, గా జబ్బు సంగతి చెప్పిన, వాడు తొక్కు ముట్టలేదని చెప్పిన. నమ్ముతలేదు. 'అప్పుడొక మాట, ఇప్పుడొక మాట. ఆ పిల్ల తిన్నడని నోటితోటి చెప్పింది' అంటది. నువ్వొచ్చి చెప్తె నమ్ముతది. ఒక్కపారి రా." ఈ వేసవి సెలవుల్లో వస్తానన్నాను. నిజంగానే పోవాలనుకున్నాను. సెలవుల్లో పిల్లకు జ్వరం. దసరాకు అత్తగారి ఊరు. ఆ మరుసటేడు ఇంకేదో. ఆ ఊరికి ఎందుకు పోతున్నావని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తూ ఆలోచిస్తూ సంవత్సరాలు గడిపాను. వెళ్ళి ఒక తల్లి ముందు కూచుని, నీ కొడుకు తొక్కు నేను తిన్నానని చెప్పడానికి కావలసిన ధైర్యం నాలో ఏనాడూ లేదు, మిగతావన్నీ సాకులు. చివరిసారి అక్కను బస్సులో చూసినప్పుడు అమ్మ పోయిందని చెప్పింది. ఆఖరిదాకా అదే మాట అనుకుంటూ పోయిందట. నన్ను ఒక్క మాట అనలేదు, పిల్లలెంతమంది అని అడిగి, తన స్టాపు రాగానే దిగిపోయింది.

ఇవాళ ఆదివారం. మనవరాలు ఉదయమే ఫోన్ చేసి, "అయిపోయిందా అమ్మమ్మా? ఏడ్చినవా లేదా?" అని అడిగింది. వచ్చాక చెప్తానన్నాను. ఏం చెప్తానో తెలియదు. ఈ పిల్లలకు చెప్పినా అర్థం కాదేమో. మొన్న వీళ్ళ స్నేహితురాలి తండ్రికి 'అదే' వచ్చిందంటే, డాక్టరు ఆయన్నే ఎదురుగా కూచోబెట్టి చెప్పాడట, రిపోర్టు ఆయన ఫోన్‌కే ముందు వచ్చిందట, ఆయన అక్కడికక్కడే తన అన్నకు ఫోన్ చేసి రమ్మన్నాడట. వీళ్ళు మాకంటే గుణవంతులని నేను అనుకోను, అబద్ధమాడడానికి వీళ్ళకు సందు తక్కువ, అంతే. అయినా అసూయ పుడుతుంది. మా కాలంలో ఆ రిపోర్టు ఎవరో ఒకరు అతని చేతిలో పెట్టి ఉంటే బాగుండునని, ఒక్క నెల అతను ఆ ఇంటి ముందు నులక మంచం మీద పడుకుని, తల్లి రోట్లో తొక్కుతుంటే ఆ వాసన పీల్చి ఉంటే బాగుండునని అనుకుంటాను. తార్నాక చౌరస్తాలో ఆ బజ్జీల బండి ఉన్న చోటే ఇప్పుడు తలపైన మెట్రో పోతోంది. నేను రోజూ దాని కింద నుంచే నడిచి కూరగాయలకు పోతాను.

అక్కడి సూపర్ మార్కెట్‌లో చింతకాయ తొక్కు సీసాల్లో అమ్ముతారు. ఆనాటి నుంచి నేను దాన్ని ముట్టలేదని రాస్తే మీరు నమ్ముతారు, మా మనవరాలు ఇంకో డబ్బా టిష్యూలు ఖర్చు చేస్తుంది. కాని నేను మానలేదు. నెలకొక సీసా కొంటాను, పొద్దున కూడా వేడి అన్నంలో కలుపుకుని తిన్నాను, రుచిగానే ఉంది. మానేసింది ఆ తల్లి.